రూకీ లైన్‌మన్ బాగా ఆడుతున్నాడో లేదో ఎలా చెప్పాలి? ముందు కాళ్ళు చూడండి, శాక్‌లు తర్వాత

మీరు అడిగింది ఇదీ: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మీ టీమ్ ఈసారి డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లో లెఫ్ట్ టాకిల్‌ని, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఐదుగురు లైన్‌మెన్‌లో ఎడమ చివర నిలబడేవాణ్ణి, తీసుకుంది. అతను రూకీ, అంటే మొదటి ఏడాది ఆటగాడు. మొదటి మూడు మ్యాచ్‌ల్లో అతని వైపు నుంచి నాలుగు శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) వచ్చాయి, రెండు హోల్డింగ్‌లు (ఎదుటివాణ్ణి పట్టుకున్నందుకు పెనాల్టీ) పడ్డాయి. ఆఫీసులో అందరూ "వీడు పనికిరాడు" అని తేల్చేశారు. మీకేమో బంతి వెంట చూడటమే అలవాటు, లైన్ వైపు చూస్తే అంతా తోపులాటలాగే కనిపిస్తోంది. అతను నిజంగా ఎలా ఆడుతున్నాడో ఎలా తెలుసుకోవాలి?

సూటిగా చెప్తాను. శాక్‌ల లెక్కతో తేలదు. ఒక్కో స్నాప్‌లో, అంటే బంతి వెనక్కి అందించి మొదలుపెట్టే ఒక్కో ప్లేలో, అతనికి అప్పగించిన పనేంటి, మొదటి రెండడుగులు ఎలా పడ్డాయి, ఎవరి చేతులు ముందు తగిలాయి, చివరికి ఏమైంది, ఈ నాలుగూ చూసి మార్కు వేయాలి. రూకీ అయితే ఇంకో ప్రశ్న కూడా ఉంది: సెప్టెంబర్‌లో చేసిన తప్పే నవంబర్‌లోనూ చేస్తున్నాడా? దానికి జవాబు దొరకాలంటే మూడు మ్యాచ్‌లు చాలవు.

నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. మా అబ్బాయి హైస్కూల్ టీమ్‌లో గార్డ్‌గా (టాకిల్‌కి లోపలి పక్కన నిలబడే లైన్‌మన్) ఆడే రోజుల్లో, లైన్ కోచ్‌కి సాయంగా ఫిల్మ్ (మ్యాచ్ వీడియో) కట్ చేయడం మొదలుపెట్టాను. వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు, నేను మాత్రం మానలేదు. ఇది తొమ్మిదో సీజన్. శుక్రవారం రాత్రి మ్యాచ్, శనివారం పొద్దున్నే హడ్ల్ అనే సైట్‌లో వీడియో తెరిచి ఐదుగురు లైన్‌మెన్‌కీ ప్రతి ప్లేకి ప్లస్సో మైనస్సో వేయడం నా పని. ఆ తర్వాత కోచ్ వాటిని సరిదిద్దుతారు. మొదటి ఏడాది నా మార్కుల్లో చాలా వాటిని ఆయన కొట్టేశారు. నేను కింద రాసేదంతా అలా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

శాక్ ఎవరిది?

రెండేళ్ళ క్రితం మా లెఫ్ట్ టాకిల్ మీద ఒక మ్యాచ్‌లో రెండు శాక్‌లు వచ్చాయి. స్టాండ్స్‌లో తల్లిదండ్రులు ఆ కుర్రాణ్ణి తిట్టారు. శనివారం చూస్తే రెండోదానికి కోచ్ ప్లస్ వేశారు. నాకు అర్థం కాలేదు. ఆయన వీడియో ఆపి క్వార్టర్‌బ్యాక్ కాళ్ళు చూపించారు. ఆ ప్లేలో క్వార్టర్‌బ్యాక్ ఏడు గజాల వెనక నిలబడి విసరాలి. టాకిల్ ఆ లెక్క ప్రకారమే రషర్‌ని (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాణ్ణి) బయటి నుంచి తిప్పుకుంటూ, ఏడు గజాలు దాటించి వెనక్కి పంపేశాడు. అతని పని అంతే. కానీ క్వార్టర్‌బ్యాక్ కంగారుపడి ఇంకో మూడు గజాలు వెనక్కి జరిగాడు. టాకిల్ సరిగ్గా దారి మళ్ళించిన మనిషి చేతుల్లోకి తనే నడిచి వెళ్ళాడు. స్కోర్‌షీట్‌లో అది శాక్, అందరి కళ్ళకూ టాకిల్ ఓడిపోయినట్టే.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ ఇది ప్రతి వారం జరుగుతుంది. రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) రషర్‌కి దారిలో ఇవ్వాల్సిన చిన్న గుద్దు, అంటే చిప్, మర్చిపోతాడు. లైన్ మధ్యలో ఉండి బంతి అందించే సెంటర్ చెప్పిన స్లైడ్ (లైన్ కలిసి పక్కకి జరగడం) ఒకవైపు, గార్డ్ కదిలింది ఇంకోవైపు. టీవీలో చూస్తే అన్నీ టాకిల్ ఖాతాలోకే వెళ్తాయి. అందుకే మీరు ముందు చేయాల్సింది ఆ నాలుగు శాక్‌ల క్లిప్‌లు వెతికి, క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ నిలబడ్డాడు, బంతి ఎంతసేపు పట్టుకున్నాడు అని చూడటం. స్పోర్ట్స్ చానెల్ ఇఎస్‌పిఎన్ వాళ్ళు పాస్ బ్లాక్ విన్ రేట్ అని ఒక లెక్క ఇస్తారు. ఆటగాళ్ళ ప్యాడ్‌లలో ఉండే చిప్‌ల నుంచి వచ్చే కదలికల డేటాతో, బ్లాకర్ రెండున్నర సెకన్లు నిలబెట్టాడా లేదా అని కొలుస్తారు. మీరూ ఆ రెండున్నర సెకన్లు మనసులో పెట్టుకోండి. నాలుగు సెకన్ల తర్వాత వచ్చిన శాక్‌కి టాకిల్ ఒక్కణ్ణే నిందించడం అన్యాయం.

దీనికి రెండోవైపు కూడా ఉంది. బంతి సెకనున్నరలో వెళ్ళిపోయే షార్ట్ పాస్‌లు ఎక్కువగా వేసే టీమ్‌లో, కాళ్ళు నెమ్మదిగా ఉన్న టాకిల్ కూడా సున్నా శాక్‌లతో సీజన్ గడిపేస్తాడు. శాక్ రాలేదు కాబట్టి గెలిచాడనుకోకండి.

ఎలా చూడాలి

టీవీ ప్రసారంలో లైన్ ఆట సగం దాగిపోతుంది, ఎందుకంటే కెమెరా పక్కనుంచి ఉంటుంది. మీకు కావాల్సింది ఎండ్‌జోన్ (మైదానం కొస) వెనక నుంచి తీసిన దృశ్యం. లీగ్ వాళ్ళ చందా సేవ ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియం తీసుకుంటే ఆల్-22 ఫిల్మ్ (ఇరవై ఇద్దరు ఆటగాళ్ళూ కనిపించే వీడియో) వస్తుంది, అందులో ఈ కోణం ఉంటుంది. లేకపోతే మ్యాచ్‌లో వెనక నుంచి చూపించే రీప్లేలతో సరిపెట్టుకోవచ్చు.

ఒక్కో స్నాప్ మూడుసార్లు చూడండి. మొదటిసారి నడుం కిందికి మాత్రమే. రెండోసారి చేతులు. మూడోసారి అతని పక్కనున్న గార్డ్‌ని కూడా కలిపి. అన్నీ ఒకేసారి చూద్దామనుకుంటే ఏదీ కనిపించదు. తొమ్మిదేళ్ళ తర్వాత నేనూ ఇప్పటికీ మూడుసార్లే చూస్తాను.

మొత్తం మ్యాచ్ చూసే తీరిక లేకపోతే థర్డ్ డౌన్‌లో (పది గజాలకి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఏడు గజాల పైన మిగిలి ఉన్నవీ, అర్ధభాగం చివర రెండు నిమిషాలవీ చూడండి. పాస్ అని స్టేడియంలో అందరికీ తెలుసు, రషర్ వెనకా ముందూ చూడకుండా వస్తాడు. టాకిల్ అసలు స్థాయి అక్కడే బయటపడుతుంది.

కాళ్ళు

స్నాప్ అవగానే లెఫ్ట్ టాకిల్ ఎడమ కాలితో వెనక్కి, కొంచెం బయటికి జరుగుతాడు. దీన్నే కిక్ స్లైడ్ అంటారు. భుజాలు, నడుం ముందుకే ఉండాలి, పాదాలు దగ్గరకు రాకూడదు, మడమలు ఒకదానికొకటి తగలకూడదు. రషర్ వేగం చూసి భయపడిన రూకీ రెండో అడుగుకే నడుం పక్కకి తిప్పేస్తాడు. ఇక అంతే, తలుపు తీసి పక్కకి తప్పుకున్నట్టు. అటు తిరిగాక లోపలికి వచ్చేవాణ్ణి ఆపడానికి అతని దగ్గర ఏమీ మిగలదు.

నేను మైనస్ వేసేటప్పుడు ఒక తేడా పాటిస్తాను, మీరూ పాటించండి. బయటివైపు ఓడిపోతే ఒక మైనస్. లోపలివైపు ఓడిపోతే రెండు. బయటినుంచి వచ్చేవాడు చుట్టూ తిరిగి రావాలి, ఈలోగా క్వార్టర్‌బ్యాక్ ఒకడుగు ముందుకు వేసి తప్పించుకోవచ్చు. లోపలినుంచి వచ్చేవాడికి దారి దగ్గర, పైగా క్వార్టర్‌బ్యాక్ తప్పించుకోవాల్సిన చోటునే మూసేస్తాడు. మంచి టాకిల్‌కి ఎప్పుడూ లోపలి దారి మీదే కాపలా ఉంటుంది. అతని ముక్కు రషర్ లోపలి భుజానికి ఎదురుగా ఉందా లేదా అని వీడియో ఆపి చూడండి, పది స్నాప్‌లలోనే మీకు పట్టు దొరుకుతుంది.

చేతులు

రూకీలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. కాలేజీలో ఎదుటివాళ్ళలో చాలామంది కంటే అతను పెద్దవాడు, బలమైనవాడు. చేయి ఎప్పుడు వేసినా సరిపోయేది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎదురుగా నిలబడేది మైల్స్ గారెట్, మాక్స్ క్రాస్బీ లాంటి పేరున్న రషర్లు. వాళ్ళు ఆ చేతుల కోసమే చూస్తుంటారు. రెండు చేతులూ ఒకేసారి చాచి నెడితే, ఆ రెంటినీ ఒక్క దెబ్బతో కిందికి కొట్టి దాటిపోతారు. కబడ్డీ ఆడినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు: కాళ్ళు కుదురుకోకుండా ముందుకు వంగి చేయి వేసినవాడు ఎప్పుడూ దొరికిపోతాడు.

మా దగ్గర పదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు, ఆరడుగుల నాలుగంగుళాలు. ఒక మ్యాచ్‌లో మూడు హోల్డింగ్‌లు. వాడికి బలం లేక కాదు, చేతులు బయటినుంచి చుట్టి కౌగిలించుకున్నట్టు వేసేవాడు. రషర్ కదలగానే వేళ్ళు జెర్సీ అంచుకి చిక్కుకునేవి, జెర్సీ సాగేది, రెఫరీకి అదే కనిపించేది. కోచ్ వాడి రెండు చేతుల్లోనూ టెన్నిస్ బంతులు పెట్టి మూడు వారాలు ప్రాక్టీస్ చేయించారు. గుప్పిట్లో బంతి ఉంటే పట్టుకోవడం కుదరదు. అరచేతి మడమతో ఎదుటివాడి ఛాతీ మధ్యలో, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టి గుద్దాల్సిందే. ఐదో వారానికి బంతులు తీసేశారు. ఆ సీజన్‌లో వాడికి ఇంకొక్క హోల్డింగే పడింది.

అందుకే మీవాడి రెండు హోల్డింగ్‌లు విడివిడిగా చూడండి. ముందే ఓడిపోయి, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడ్డానికి పట్టుకుంటే అది కాళ్ళ సమస్య. సరైన చోట ఉండి కూడా చేతులు బయట పడ్డాయంటే అది అలవాటు సమస్య, కోచింగ్‌తో పోతుంది. రెండింటికీ శిక్ష పది గజాలే, కానీ అతని భవిష్యత్తు గురించి అవి చెప్పేది ఒకటి కాదు.

బుల్ రష్

నేరుగా ఛాతీ మీదికి వచ్చి నెట్టేవాడి విషయంలో రూకీ పట్ల కొంచెం ఓపిక పట్టండి. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఏళ్ళ తరబడి ఇదే వృత్తిగా బతుకుతున్న ముప్ఫై ఏళ్ళ మనిషిని ఆపాలి. పైగా డ్రాఫ్ట్ ముందు నెలలు చాలావరకు పరుగుల పరీక్షలకీ, ఇంటర్వ్యూలకీ పోతాయి. ఆపైన వచ్చే వసంతకాలపు ప్రాక్టీసుల్లో ప్యాడ్‌లు ఉండవు, జూలై చివర ట్రెయినింగ్ క్యాంప్‌లోగానీ గట్టిగా ఢీకొనడం కుదరదు. రెండడుగులు వెనక్కి జరిగినా, తర్వాత తుంటి కిందికి దించి నేలలో పాతుకున్నట్టు ఆగిపోతే నేను ప్లస్సే వేస్తాను. క్వార్టర్‌బ్యాక్ ఒళ్ళో పడేదాకా జారిపోతే మైనస్. ఈ బలం మొదటి ఆఫ్‌సీజన్‌లో బాగా పెరుగుతుంది. కాళ్ళ వేగం అంతగా పెరగదు. బలం తక్కువున్న రూకీ గురించి నాకు టెన్షన్ లేదు, కాళ్ళు ఆలస్యమయ్యే రూకీ గురించి ఉంది.

స్టంట్‌లు, శబ్దం

మూడోసారి చూడమన్నది స్టంట్‌ల కోసమే, అంటే రషర్లిద్దరు దారులు మార్చుకుని రావడం. ఎడ్జ్ రషర్ లోపలికి దూసుకెళ్ళి గార్డ్‌ని గుద్దుతాడు, లోపలున్న డిఫెన్సివ్ టాకిల్ అతని వెనకనుంచి చుట్టుకుని బయటికి వస్తాడు. అప్పుడు మన టాకిల్ తన మనిషి వెంట పోకుండా గార్డ్‌కి అప్పగించి, బయటికి వచ్చేవాణ్ణి అందుకోవాలి. సగం సెకనులో జరగాలి. కళ్ళు తన మనిషి మీదే అతుక్కుపోతే లోపలికి లాక్కుపోతాడు, బయట ఖాళీ. రూకీ మీద ప్రత్యర్థి కోచ్‌లు కావాలనే ఇవి పంపుతారు. ఒక వారం ఇది పనిచేసిందంటే, తర్వాతి మూడు వారాలూ అందరూ అదే పంపుతారు. నాలుగో వారానికి అతను అప్పగించడం నేర్చుకున్నాడా అనేది నాకు శాక్‌ల కన్నా ఎక్కువ చెప్తుంది.

ప్రత్యర్థి స్టేడియంలో ఫాల్స్ స్టార్ట్‌లు (బంతి కదలకముందే కదిలినందుకు పెనాల్టీ) పడితే కూడా ఇలాగే ఆలోచించండి. హోరులో క్వార్టర్‌బ్యాక్ గొంతు వినపడదు. గార్డ్ వెనక్కి చూసి సెంటర్‌ని తడతాడు, సెంటర్ తల ఆడించి బంతి ఇస్తాడు, చివర ఉన్న టాకిల్ కంటి కొసతో బంతి కదలిక చూసి లేవాలి, అదే సమయంలో ఎదుటివాడి మీద దృష్టి పెట్టాలి. మొదటి నెలలో ఒకటి రెండు తప్పులు సహజం.

రన్ బ్లాకింగ్ గురించి క్లుప్తంగా. పడేసిన బ్లాక్‌లు హైలైట్స్‌లో వస్తాయి, వాటికి మోసపోవద్దు. పక్క గార్డ్‌తో కలిసి డిఫెన్సివ్ లైన్‌మన్‌ని కదిపి, సరైన క్షణంలో వదిలేసి లైన్‌బ్యాకర్‌ని (ఆ లైన్ వెనక నిలబడే డిఫెండర్) అందుకున్నాడా అని చూడండి. తొందరపడి వదిలేస్తే గార్డ్ మునుగుతాడు, ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ పరుగు దగ్గరికి చేరిపోతాడు. ఈ టైమింగ్ పక్కవాడితో కలిసి ఆడితేనే వస్తుంది, అందుకే గార్డ్ ప్రతి వారం మారుతుంటే రూకీకి మార్కులు తగ్గించకండి.

కొన్ని ఉదాహరణలు

మీవాడు కాలేజీలో ఏ వైపు ఆడాడో చూడండి. వైపు మారితే ఏ కాలు ముందు, ఏ చేయి ముందు అన్నీ తలకిందులవుతాయి, కుడిచేత్తో రాసేవాణ్ణి ఎడమచేత్తో రాయమన్నట్టే. పెనే సూవెల్‌ని 2021లో డెట్రాయిట్ లయన్స్ డ్రాఫ్ట్‌లో ఏడో పిక్‌గా (ఏడో ఎంపిక) తీసుకుంది. 2020 సీజన్ అతను ఆడనే లేదు. కుడివైపుకి మారుస్తూ ఉండగా లెఫ్ట్ టాకిల్ టేలర్ డెకర్‌కి గాయమైంది, మళ్ళీ ఎడమవైపు వచ్చాడు, డెకర్ కోలుకున్నాక మళ్ళీ కుడివైపు. మొదటి మ్యాచే శాన్ ఫ్రాన్సిస్కో మీద, నిక్ బోసా ఉన్న లైన్ మీద. ప్రీ సీజన్ చూసి చాలామంది తొందరపడ్డారు. 2023లో అతను ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో, అంటే ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తముల జట్టులో ఒకడు.

మా ఊరి టీమ్ డాలస్ కౌబాయ్స్ 2022లో టైలర్ స్మిత్‌ని 24వ పిక్‌గా తీసుకున్నప్పుడు, కాలేజీలో అతనికి పడ్డ పెనాల్టీల గురించే అందరి చర్చా. క్యాంప్‌లో లెఫ్ట్ గార్డ్‌గా తయారుచేస్తుంటే ఆగస్టులో అప్పటి లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ గాయపడ్డాడు, దాంతో సీజన్ మొదటి రోజు నుంచే ఈ కుర్రాడు లెఫ్ట్ టాకిల్. ఆ సీజన్ ఫిల్మ్ నేను దాదాపు అంతా చూశాను. చేతులు బయటపడేవి, నిజమే. కానీ కాళ్ళు మాత్రం ఎప్పుడూ సమయానికి అక్కడ ఉండేవి. 2023లో గార్డ్‌కి మారి సెకండ్ టీమ్ ఆల్-ప్రో అయ్యాడు. అదే టీమ్‌లో 2014లో జాక్ మార్టిన్ వచ్చాడు, నోటర్ డేమ్‌లో లెఫ్ట్ టాకిల్, ఇక్కడ రైట్ గార్డ్, మొదటి ఏడాదే ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో. అలాంటివాళ్ళు అరుదు, మీవాణ్ణి అతనితో పోల్చకండి.

అందరూ మెరుగవుతారని మాత్రం నేను చెప్పను. 2022లోనే ఏడో పిక్‌గా న్యూయార్క్ జెయింట్స్‌కి వెళ్ళిన ఈవన్ నీల్ కాలేజీలో మంచి పేరున్నవాడు. తూలిపోవడం, బ్యాలెన్స్ తప్పడం రూకీ ఏడాదిలో కనిపించాయి, తర్వాతా పోలేదు, గాయాలు కూడా వెంటాడాయి. చివరికి అతని ఐదో ఏడాది ఆప్షన్‌ని (కాంట్రాక్ట్‌ని ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) టీమ్ వద్దనుకుంది. సెప్టెంబర్ తప్పే నవంబర్‌లోనూ చేయడం అంటే నా ఉద్దేశం అదీ.

బయటి గ్రేడ్‌లు నమ్మవచ్చా?

పిఎఫ్‌ఎఫ్ (ప్రో ఫుట్‌బాల్ ఫోకస్) అనే విశ్లేషణ సంస్థ వాళ్ళు ప్రతి ప్లేకి మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా, అరపాయింటు చొప్పున మార్కు వేసి, దాన్ని వంద మీద గ్రేడ్‌గా మారుస్తారు. ఓపికగా చేసే పని, నాకు గౌరవముంది. అయితే ఆ ప్లేలో కోచ్ ఏం చెప్పాడో బయటివాళ్ళకి తెలియదు. మాకు ప్లేబుక్ చేతిలో ఉండి కూడా శనివారాల్లో వాదన పడుతుంది. కాబట్టి ఒక్క మ్యాచ్ గ్రేడ్ చూసి ఏమీ అనుకోకండి, నెల నెలకీ ఎటు పోతోందో చూడండి.

ఇంకో మాట, ఇది అభిమానులకి చేదుగా ఉంటుంది. ఒక మ్యాచ్‌లో నలభై పాస్ స్నాప్‌లు ఉన్నాయనుకుందాం. ముప్ఫై ఎనిమిది బాగా ఆడి రెండిట్లో శాక్ ఇస్తే 95 శాతం. మా హైస్కూల్‌లో 80 దాటితే భుజం తడతాం. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మ్యాచ్‌కి రెండు చొప్పున 17 మ్యాచ్‌లంటే 34 శాక్‌లు, ఏ క్వార్టర్‌బ్యాకూ అన్ని దెబ్బలు తట్టుకోలేడు. అందుకే శాతంతో పాటు, క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలేంత పెద్ద ఓటములు ఎన్ని అని విడిగా ఒక గడి పెట్టుకోండి. అవి తగ్గుతూ రావాలి.

మీకు నేనిచ్చే పని ఇది. మూడో మ్యాచ్, ఎనిమిదో మ్యాచ్, పదమూడో మ్యాచ్ తీసుకోండి. థర్డ్ డౌన్ పాస్ స్నాప్‌లు మాత్రమే. ఓడిన ప్రతిసారీ పక్కన ఒక్క మాట రాయండి: బయట, లోపల, బుల్ రష్, స్టంట్, చేతులు. పక్కనుంచి టైట్ ఎండ్‌గానీ (టాకిల్ పక్కన నిలబడేవాడు) రన్నింగ్ బ్యాక్‌గానీ సాయం చేశారా అన్నది కూడా రాయండి, ఎందుకంటే సాయం తీసేశాక కూడా అదే మార్కు వస్తే కోచ్‌లకి అతని మీద నమ్మకం కుదిరినట్టు. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే ఏ మాట మాయమవుతోంది, ఏది అలాగే ఉంది అన్నది మీకే కనిపిస్తుంది. "లోపల" అన్న మాట మూడింటిలోనూ ఉంటే మీ ఆఫీసువాళ్ళ మాటలో కొంత నిజం ఉన్నట్టే. "బుల్ రష్", "చేతులు" అనేవే ఉంటే వచ్చే ఏడాది దాకా ఆగండి.

ఆ నాలుగు శాక్‌లు ఏ క్వార్టర్‌లో, ఏ నిమిషంలో వచ్చాయో ఇక్కడే రాయండి. వచ్చే శనివారం మా పిల్లల ఫిల్మ్ అయిపోయాక కూర్చుని చూసి, ఏది ఎవరి తప్పో నాకు తోచింది చెప్తాను.